పరామర్శకు వెళ్లే పెద్దమనుషులకు కొన్ని సలహాలు

చావింటికి వెళ్లగానే కూర్చోకండి. నిలబడే మొదలుపెట్టాలి. "ఏడవబాకమ్మే, గట్టివాళ్లకే దేవుడు కష్టాలిస్తాడు" అన్న మాట ఆత్మకూరు, ఉదయగిరి పక్కన ఇప్పటికీ బాగా చెల్లుతుంది. ఆమె తలెత్తి చూసిందంటే మాట తగిలినట్టే. ఎక్కడ తగిలిందో మీకు అనవసరం.

తర్వాత ఉదాహరణ కావాలి. మేకపాటి గౌతమ్ రెడ్డి సంగతి ఎత్తండి. ఆత్మకూరు ఎమ్మెల్యే, రాష్ట్ర పరిశ్రమల మంత్రి. 2022 ఫిబ్రవరి 21న హైదరాబాద్‌లో గుండె ఆగి పోయేనాటికి ఆయనకు 50 ఏళ్లు. దహనం ఉదయగిరిలో చేశారు. జూన్ 23న ఉపఎన్నిక. 26న లెక్కపెడితే తమ్ముడు విక్రమ్ రెడ్డికి 82,888 ఓట్ల మెజారిటీ. ఆమె ముందే వేళ్లు మడిచి లెక్కేసి, "నాలుగు నెలల్లో ఆ ఇల్లు లేచి నిలబడింది, నీ సంగతేంది?" అని అడగండి. సీటు ఖాళీ అయిన ఆర్నెల్లలోపు ఎన్నిక పెట్టాలన్నది చట్టం. ఆ గడువు ఎన్నికల సంఘానిది, కన్నవాళ్ల ఏడుపుది కాదు. ఈ ముక్క మాత్రం బయటపెట్టకండి, ఉదాహరణ చెడుతుంది.

దుఃఖాన్ని పదిమందికి పనికొచ్చేలా మలచుకోమని చెప్పడం మరవద్దు. ఆ కుటుంబం ఉదయగిరిలోని తమ ఇంజనీరింగ్ కాలేజీని ప్రభుత్వానికి ఇవ్వడానికి ముందుకొచ్చింది. పెన్న మీద సంగం బ్యారేజీని గౌతమ్ రెడ్డి పేరుతోనే 2022 సెప్టెంబర్ 6న ప్రారంభించారు. మీ ఎదుట కూర్చున్నామెకు కాలేజీ లేదు. ఉన్నవి రెండు బర్రెలు, సొసైటీ బాకీ. అయినా సరే, పోయిన పెనిమిటి పేరు మీద ఏదో ఒకటి చెయ్యమనండి. ఆయన పేరు మీద ఉన్నది అప్పేనని ఆమె అంటే, దగ్గండి.

ఉదయగిరి చెక్క చెంచాలు ఇక్కడ భలే పనికొస్తాయి. చెక్కగా చెక్కగానే అందం వస్తుంది, మనిషీ అంతేనని చెప్పండి. అది అప్పటికే నరికేసిన చెట్టు కదా అని ఎవరైనా అంటే మాట మార్చి, కరువు మీదికి వెళ్లండి. మెట్టలో కరువు మనిషిని రాటుదేలుస్తుందనండి. వినడానికి మగవాళ్లు పెద్దగా లేకపోతే నొచ్చుకోవద్దు. రాటుదేలినవాళ్లలో చాలామంది బెంగళూరులో కూలిపనుల్లో ఉంటారు.

ఒక్క జాగ్రత్త. ప్రతి వీధిలో కొందరుంటారు. పొయ్యి వెలగని ఇంటికి అన్నం, పప్పుచారు తెచ్చి, ఆమె నాలుగు ముద్దలు తినేదాకా గమ్మున కూర్చుని, గిన్నెలు కడుక్కుని పోతారు. బర్రెలకు మేతేస్తారు. మరణ ధ్రువీకరణ పత్రం కోసం సచివాలయానికి తోడెళతారు, పాసుపుస్తకం వెతికిపెడతారు. ఏడాది గడిచినా పోయినాయన పేరెత్తి, ఆమెతోపాటు తామూ ఏడుస్తారు. ఎదుగుదల గురించి ఒక్క ముక్క చెప్పరు. వాళ్లున్నచోట మీ సలహా సాగదు. వాళ్లొచ్చే వేళ కనుక్కుని, ఆ వేళకు వెళ్లకండి. వాళ్లు లేని వేళకూ వెళ్లకపోతే ఇంకా మంచిది.