పది ప్రశ్నల్లో తేలే భీములు

ఇప్పటి పిల్లోళ్లకు తామెట్లాంటోళ్లో తమకు తెలీదు. ఫోను చెప్పాల. అది పది ప్రశ్నలు అడుగుతుంది, వీళ్లు బొటనవేలితో టకటకా నొక్కుతారు, రెండు నిమిషాల్లో తేల్చేస్తుంది: నువ్వు తకమురావి, నువ్వు మియతావి. సెలవులకు కడప నుంచి కర్నూలుకొచ్చిన నా మనవడూ మనవరాలూ మిద్దె మీద చేరి చేసే పని ఇదే. ఇంత దూరమొచ్చి తుంగభద్ర చూడరు, కొండారెడ్డి బురుజు ఎక్కరు. వాళ్లకు జపాన్ బాక్సర్లు కావాల.

ఎవుర్రా ఈ తకమురా అంటే, 'హజిమే నో ఇప్పో' అనే బొమ్మల కథలో బాక్సరంట. జార్జ్ మొరికావా అనే ఆయన 1989లో మొదలుపెట్టిన కథ, నూరు సంపుటాలు దాటిపోయింది. 2000లో టీవీకెక్కింది. సరే, కథ సంగతి తర్వాత. ముందు ఆ ప్రశ్నలు చూడండి. ఓడిపోతే ఏం చేస్తావు, ఏడుస్తా కూర్చుంటావా, మళ్లీ సాధన మొదలుపెడతావా? కూర్చొని ఏడుస్తానని నొక్కేవాడు భూమ్మీద ఉంటాడా? నీ స్నేహితుణ్ని ఎవరైనా కొడితే? అడ్డం పడతాడంట మావాడు. వీధి కుక్క మొరిగితే నా వెనక దాక్కునేవాడు!

మా రోజుల్లో మమ్మల్నెవరూ అడగలేదు. మేమెట్లాంటోళ్లమో ఊరే చెప్పేది, అదీ మొహమ్మీదనే. తిరునాళ్లకు నాటకమాడాలంటే అయ్యవారు మమ్మల్ని వరసగా నిలబెట్టి, భుజాలు తట్టి చూసి, తలా ఒక పద్యం పాడించి, "నువ్వు భీముడు, నువ్వు కీచకుడు, నువ్వు పోయి తెర లాగు" అని ముగించేవాడు. నాకు తెర తాడే దొరికింది. భీముడి వేషం కోసం అందరూ కొట్టుకునేవాళ్లు గానీ, అయ్యవారు మాత్రం మంచి గొంతూ మంచి ఒళ్లూ ఉన్నవాణ్ని ఏరి కీచకుణ్ని చేసేవాడు. ఆ పాత్ర తేలిపోతే నాటకమే తేలిపోతుందని ఆయన లెక్క. ఆ లెక్క మన సీమది. కడప జిల్లా సురభిలో 1885లో, తోలుబొమ్మలాడించే కుటుంబాలవాళ్లు తామే వేషం కట్టి రంగమెక్కినప్పుడు ఎంచుకున్న నాటకం 'కీచకవధ'. గద లేదు, విల్లు లేదు, ఒట్టి చేతుల కొట్లాట. సురభి నాటకం పుట్టిందే ఒక కుస్తీతోనని నేనంటే పెద్దలు కోప్పడతారేమో గానీ, అనక మానను.

వేషం దొరకనోళ్లకు గుండు ఉండేది. తిరునాళ్లలో నున్నటి రాతి గుండు పెడతారు, పట్టు దొరకదు. మోకాళ్ల మీదికి తెచ్చి, రొమ్ముకు అదుముకొని, భుజం మీంచి వెనక్కి వేయాల. సంవత్సరమంతా రచ్చబండ కాడ మీసం తిప్పినోడు ఆ పొద్దు పక్కూర్లో చుట్టాలింటికి పోయేవాడు. మూటలు మోసి మోసి నడుము గట్టిపడ్డ హమాలీ ఒకాయన నోరెత్తకుండా వచ్చి, ఎత్తి, తలగుడ్డ దులుపుకొని పోయేవాడు. 1980లో మహమ్మద్ అలీ మద్రాసుకొచ్చి ప్రదర్శన పోటీ ఆడితే, మా వీధిలోవాడొకడు రైలెక్కి పోయి చూసొచ్చి, నెల రోజులు సందులో కాళ్లు ఎగరేస్తా గాల్లో గుద్దులు గుద్దినాడు. వాణ్ని మేమెవరూ అలీ అనలేదు. తిక్కోడన్నాం. నువ్వనుకున్నంత మాత్రాన అయిపోయేది కాదు మరి.

కరెంటు పోయి ఉక్కపోస్తా ఉంటే ఒక రాత్రి మిద్దె మీద వాళ్ల పక్కన కూర్చొని ఆ కథ చూసినాను. ఒక రాత్రితో ఆగలేదు. చెప్పొద్దూ, కథ గట్టిది. ఇప్పో అనేవాడు తండ్రి లేని పిల్లోడు, చేపల పడవ మీద తల్లికి చేదోడు. ఒంటికి ఎర పురుగుల వాసనని బడిలో పిల్లలు ఏడిపిస్తారు, కొడతారు. పడవ మీద బరువులు మోసి మోసి వాడి నడుములో బలం చేరింది, అది వాడికే తెలీదు. మా హమాలీ గుర్తొచ్చినాడు. బాక్సరవుతానని వాడొస్తే తకమురా వాణ్ని నువ్వెవరని అడగలేదు. చెట్టు నుంచి రాలే ఆకుల్ని ఒంటి చేత్తో పది పట్టుకో, వారం గడువు అన్నాడు. బలమంటే ఏంది అన్న ఒక్క ప్రశ్నతో మొదలైన కథ అది, అన్ని సంపుటాలు గడిచినా వాడింకా వెతుకుతానే ఉన్నాడు. ఈ ఫోనుకు మాత్రం రెండు నిమిషాలు చాలు.

మావాడికి మియతా వచ్చినాడు. చల్లటి బుర్ర, అందగాడు, ఎదుటోడి గుద్దునే వాడి మీదికి తిప్పే నేర్పరి అని రాసింది. ఆ మియతా పొడుగు మనిషి. ఆ ఎత్తుకు తక్కువైన ఫెదర్‌వెయిట్‌లో, అంటే 57 కిలోల లోపు ఉండాలని కడుపు మాడ్చుకొని, ఎండిపోయి, నీళ్లకు కూడా మొహం వాచి పోటీకి దిగుతాడు. ఆ మాట ఫోను రాయలేదు. మావాడు ఉగ్గాని రెండో ప్లేటు పెట్టించుకొని, మిరపకాయ బజ్జీ కొరుకుతా, "తాతా, నేను మియతా" అన్నాడు.

పాపకు మషిబా వచ్చినాడు. రింగులో మియతా కాలు తొక్కి గెలిచిన ఘనుడు. పిల్ల మూతి ముడిచి, జవాబులు మార్చి మార్చి నొక్కి, చివరికి ఇప్పో అయింది. మా అయ్యవారి దగ్గర ఆ ఆటలు సాగవు. తెర తాడిస్తే తెర తాడే. పైగా మషిబా తల్లిదండ్రుల్లేని చెల్లెల్ని సాకినవాడు, పిల్ల అది మాత్రం చూడదు. అయినా ఆడపిల్లకు అందరూ మగ బాక్సర్లేనా? నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్లో, మరుసటేడు ఢిల్లీలో ప్రపంచ ఛాంపియనైంది. మన తెలుగు గడ్డ మీద పెరిగిన పిల్ల. ఆమె మాదిరి ఉన్నావని చెప్పే క్విజ్ ఒకటీ నాకు కనపళ్లేదు.

జపాన్‌లో కూడా మా రోజులే మేలు. 'అషితా నో జో' అని ఇంకా పాత బాక్సింగ్ కథ, 1968లో మొదలైంది. అందులో రికిషి అనేవాడు జోతో తలపడటానికి ఒళ్లు కరిగించుకొని, గెలిచి, ప్రాణం విడుస్తాడు. 1970 మార్చిలో ఆ బొమ్మ మనిషికి నిజంగా కర్మ జరిపినారు, వందల మంది కదిలొచ్చినారు. వాళ్లలో ఎవడూ రికిషి నేనేనని చెప్పుకోవడానికి రాలేదు. పోయినవాడి కోసం ఏడ్చిపోయినారు.

ఇప్పో కథలో నాకు నచ్చినోళ్లు ఈ క్విజ్‌లో ఎవరూ కోరుకోనోళ్లు: అవోకి, కిమురా. ఒకడు నూడుల్సు కొట్లో పనిచేస్తాడు, ఇంకొకడు ఇంట్లోవాళ్ల పూలంగడి చూసుకుంటాడు. ఛాంపియన్ బెల్టు కోసం పోట్లాడి, అందక, మరుసటి పొద్దు మళ్లీ పనికి పోతారు. ఊర్లో ముప్పాతిక మంది వాళ్లే. అవోకి దగ్గర ఒక చోద్యమైన ఎత్తు ఉంది. కొట్లాట మధ్యలో ఉన్నట్టుండి ఎటో చూస్తాడు, ఎదుటోడు కూడా అటే చూస్తాడు, అప్పుడు గుద్దుతాడు.

నన్నూ ఆ ప్రశ్నలకు కూర్చోమన్నారు. నేను కూర్చోనన్నాను. మనిషి సంగతి పక్కనోళ్లే చెప్పాల అని తిట్టినాను కూడా. సరేనని పాప నా తరఫున తనే నొక్కింది. శిక్షకుడు కమొగావా వస్తాడని నా లెక్క. ముసలాయన, చేతికర్ర, నోరు విప్పితే తిట్లు. వచ్చింది అవోకి. ఇది తప్పుడు క్విజ్, పారేయండని అరిచినాను. బియ్యమేరుతున్న మా ఇంటామె తలెత్తకుండానే అనింది: "సంతలో టమేటాలకు డబ్బులిచ్చే యాళకు ఎటో చూసేది ఎవరంట?"