స్కేలు పక్కన పెట్టి రాయండి

పదో తరగతి నుంచి ఇంటర్ దాకా మన పిల్లలకు నూరిపోసేది ఒకటే: పేపరు దిద్దేవాళ్లకు టైముండదు, సైడ్ హెడింగులు పెట్టు, ముఖ్యమైన మాటల కింద స్కేలుతో గీత గియ్యి, పాయింట్లుగా రాయి, పేజీ నింపు. బోర్డు పరీక్షకు అది సరైన సలహానే. అమెరికా కాలేజీ దరఖాస్తుకు వ్యాసం రాసేటప్పుడు మాత్రం ఈ అలవాట్లన్నీ వదిలేయమంటాను. తల్లిదండ్రులకు ఇది తలకిందుల సలహాలా వినిపిస్తుందని తెలుసు. అయినా మనస్ఫూర్తిగానే చెబుతున్నాను. అక్కడ ఈ వ్యాసాలు చదివేవాళ్లకూ టైము తక్కువే. కానీ మార్కులు, బహుమతులు దరఖాస్తులో వేరే చోట ఉంటాయి. వ్యాసంలో వాళ్లు వెతికేది మనిషిని.

ముందు హెడింగులు తీసేయండి. ‘నా బాల్యం’, ‘నా లక్ష్యం’ అని విడగొట్టగానే వ్యాసం కాస్తా బయోడేటా అయిపోతుంది. చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లో, వ్యాసం రాసే పెట్టెకు బోల్డ్, ఇటాలిక్, అండర్‌లైన్ బటన్లు ఉంటాయి. ఉన్నాయి కదా అని నొక్కకండి. పుస్తకం పేరుకు ఇటాలిక్ చాలు. ఒక వాక్యం బోల్డ్ లేకపోతే కనపడదేమో అనిపిస్తే, దాన్ని పేరా మొదటికో చివరికో జరపండి, కన్ను దానంతటదే ఆగుతుంది. అబ్దుల్ కలాం మాటతో మొదలుపెట్టడం మనవాళ్లకు మహా ఇష్టం. ఆయనంటే నాకూ గౌరవమే, కానీ ఉన్న కొద్ది చోటూ పిల్లల సొంత మాటకే దక్కాలి.

వర్డ్‌లో ఫాంట్లు, మార్జిన్లు సర్దుతూ కూర్చోవద్దు. పెట్టెలో అతికించగానే ఆ సింగారం చాలావరకు పోతుంది. నోట్‌ప్యాడ్‌లో రాసి, పేరాకీ పేరాకీ మధ్య ఒక ఖాళీ వరుస వదలండి. తర్వాత ప్రివ్యూ తెరిచి మొత్తం చదవండి. అతుక్కుపోయిన పేరాలు అక్కడే బయటపడతాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా దరఖాస్తు వేరు: 8 ప్రశ్నలిచ్చి నాలుగింటికి జవాబు రాయమంటుంది, ఒక్కోటి 350 పదాలు దాటకూడదు. వాటికి రెండు మూడు పేరాలు సరిపోతాయి.

ఇక ఎవరూ ఒప్పుకోని సలహా: 650 నింపొద్దు. కామన్ యాప్ అడిగేది 250 నుంచి 650 పదాలు. ఇంట్లో అందరి కళ్లూ రెండో అంకె మీదే. ‘ఇంకా చోటుంది కదరా, ఎన్‌సీసీ క్యాంపు కూడా రాయి’ అంటారు నాన్న. సరిగ్గా ఆ క్యాంపు దగ్గరే చదివేవాళ్లు దారి తప్పుతారు. చెప్పాల్సింది 500లో అయిపోతే అక్కడే ఆపండి. ఒక పేరాలో ఒకే సంగతి నడిస్తే చదవడం హాయిగా ఉంటుంది. మేనమామ కిరాణా కొట్లో లెక్కలు చూసిన అమ్మాయి ఉందనుకోండి. కొట్టుకు ఒక పేరా, అరువు ఖాతా పుస్తకానికి ఒక పేరా, బాకీ తీర్చలేక ఆ వీధిలోంచి నడవడమే మానేసిన ఒకావిడకు ఒక పేరా. ఈ మూడోది రెండు వాక్యాలే అయినా ఫరవాలేదు. పొడుగు పేరాల మధ్య అంత చిన్నది ఉంటే ఎవరి కన్నూ దాన్ని దాటిపోదు. అన్ని పేరాలూ ఒకే కొలతలో ఉండాలన్నది కూడా పరీక్ష హాలు అలవాటే.

ఎంఎస్‌కి రాసే ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) సంగతి వేరు. ఫాంటు సైజు, లైన్ల మధ్య ఖాళీ, పేజీలు ఇన్ని అని డిపార్ట్‌మెంటు చెబితే అక్షరాలా పాటించండి. రెండు పేజీలన్నప్పుడు మూడో పేజీని ఇరికించడానికి ఫాంటు తగ్గించకండి. ఇంటర్న్‌షిప్ వివరాలు రెజ్యూమేలో ఎలాగూ ఉంటాయి, ముందు వాటిని కొట్టేయండి.