పార్సెక్కుల పంచాయితీ

1977 నాటి 'స్టార్ వార్స్' సినిమాలో అంతరిక్ష నౌక నడిపే హాన్ సోలో, తన నౌక కెసెల్ అనే దారిని పన్నెండు పార్సెక్కుల లోపే దాటేసిందని డప్పు కొట్టుకున్నాడు. పార్సెక్కు కాలం కాదు మహాప్రభో, దూరం! దాదాపు 3.26 కాంతి సంవత్సరాలు. వంద మీటర్ల పరుగుని అరవై మీటర్లలోనే ముగించానన్నట్టుంది వరస.

సంభాషణలో పొరపాటు దొర్లిందంటే సరిపోయేది. ఒప్పుకుంటే వీరాభిమానులెందుకవుతారు? కృష్ణబిలాలను రాసుకుంటూ అడ్డదారిన వెళ్లాడని సిద్ధాంతం అల్లారు. 2018లో 'సోలో' సినిమా ఆ అడ్డదారికి రాజముద్ర కూడా వేసింది. అయినా ఆగితేనా! పార్సెక్కు దగ్గర మొదలైన ముచ్చట కాలయంత్రం ఎక్కి, గతంలోకెళ్లి తాతను చంపితే మనవడు పుడతాడా అన్న మీమాంసలో తేలుతుంది. ఈ లోపు కాఫీ చల్లారిపోతుంది. ఇన్నేళ్లలో ఈ వాదనలో ఓడినవాడు మాత్రం ఒక్కడూ లేడు.