నన్ను తిప్పే కరెంటు

నేను ఆర్మూర్‌లో పసుపు పాలిష్ పట్టే డ్రమ్మును. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను నా కడుపులో పోసి మూత బిగిస్తారు. తిరిగేకొద్దీ కొమ్ము కొమ్ముకు రాసుకుని గరుకు పొట్టు, సన్న వేర్లు రాలి జాలీ సందుల్లోంచి కింద పడతాయి. లోపల పసుపు నిగ్గుతేలుతుంది. ఒకప్పుడు నన్ను ఇద్దరు చెరో పక్క నిలబడి చేత్తో తిప్పేవాళ్లు. సాయంత్రానికి వాళ్ల అరచేతులు బొబ్బలెక్కేవి. మోటారు వచ్చాక ఆ బాధ తప్పింది. ఇప్పుడు రైతు బండి దిగుతూనే అడిగేది ఒకటే: “కరెంటున్నదా అన్నా?”

ఆ కరెంటు ఏ నేలను తిని వస్తోందన్నదే నా పట్టింపు. గోదావరి దిగువన రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 100 మెగావాట్ల సౌర పలకలు తేలుతున్నాయి. 2022 జూలై 1 నుంచి పూర్తిగా పనిచేస్తున్నాయి. పరిచింది 500 ఎకరాల నీటి మీద. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా నీళ్ల మీదే తేలుతాయి. అడుగున దించిన బరువు దిమ్మెలకు మోకులతో కట్టి అన్నిటినీ కదలకుండా నిలిపారు. ఆ నీడకు ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని ఎన్టీపీసీ అంచనా. అంత పలక నేల మీద పరిస్తే ఎన్ని చేలు పోయేవి! తొమ్మిది నెలలు కంటికి రెప్పలా చూసుకునే పంట మాది.

అయితే పొద్దుగూకితే పలకలు పనిచేయవు. సముద్రపు గాలికి రాత్రీపగలూ లేదు. తెలంగాణకు తీరం లేకపోయినా ఆ కరెంటును మోసుకొచ్చే తీగలున్నాయి. డెన్మార్క్ 1991లోనే విండెబీ దగ్గర కడలిలో 11 గాలిమరలు నిలిపింది. మన దేశానికి 2015లో కడలి గాలి కరెంటుకు విధానం వచ్చింది, మరలు మాత్రం ఇంకా లేవలేదు. ఉప్పు ఇనుమును తినేస్తుంది. తుపాన్లకు తట్టుకోవాలి. కడలి అడుగున కేబుల్ వేయాలి, చెడితే ఓడ వెళ్లాలి. వేటకు వెళ్లే మత్స్యకారుల దారి మూయకూడదు, వాళ్లను అడగకుండా ఒక్క పునాదీ వేయకూడదు.

ఖర్చంతా యూనిట్ ధరలోకి ఎక్కితే నా పాలిష్ కూలి పెరిగి రైతు క్వింటాలు మీదే పడుతుంది. అందుకే 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న 7,453 కోట్లు నాకు పెద్ద కబురు. గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్ల కడలి గాలిమరలకు ఆసరా అది. అందులో 600 కోట్లు రెండు రేవులను బాగుచేయడానికి. విశాఖలో ఉక్కు ఉంది, ఓడలు కట్టే యార్డూ ఉంది. ఆ మరల టవర్ల పనిలో మనవాళ్లకూ వాటా రావాలి.