లింకుల మాస్టారు

ఏ యూనివర్సిటీ ఎకనమిక్స్ డిపార్ట్‌మెంటులో చూసినా లింకుల మాస్టారు ఒకరుంటారు. చాక్‌పీసు ముట్టి ఏళ్లవుతుంది. తెల్లవారి ఐదింటికి వాట్సాప్ గ్రూపులో లింకు పడుతుంది. ఆరింటికి ఇంకొకటి.

"2001లోనే ఎంఐటీ వాళ్లు పాఠాలన్నీ ఊరికే ఇస్తామన్నారు. 2017లో మన ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ స్వయం వచ్చింది. కోర్ వాళ్ల 'ది ఎకానమీ' పాఠ్యపుస్తకం పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. మీకింకేం కావాలర్రా?" అని నిలదీస్తారు. కావలసింది ఇంపార్టెంట్ ప్రశ్నలు. ఆ మాట ఎవరూ పైకి అనరు.

సప్లయే తనకు కావలసిన డిమాండును పుట్టించుకుంటుందని జె.బి. సే అన్నాడనీ, 1936లో కీన్స్ దాన్ని పడగొట్టాడనీ ఏటా ఈయనే చెబుతారు (లింకు ద్వారానే లెండి). ఫోను చేతికొస్తే మాత్రం సేకి ప్రియశిష్యుడు. పంపడం తన వంతు, చూడాలన్న కోరిక దానంతటదే పుడుతుంది! కోరికకు స్తోమత తోడైతేనే డిమాండు అని ఫస్టియర్ పుస్తకంలోనే ఉంది. హాస్టల్ కుర్రాడి రోజువారీ డేటాలో క్రికెట్ వాటా, సినిమా వాటా పోగా మాస్టారికి మిగిలేది గిరగిర తిరిగే చక్రం.

సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో చేసుకోవచ్చని 2021లో యూజీసీ అన్నప్పుడు మాస్టారు స్వీట్లు పంచారు. పిల్లలూ సంబరపడ్డారు, క్విజ్ జవాబులు టెలిగ్రామ్‌లో దొరుకుతాయి కదా. ఊరికే వచ్చే పాఠం చూడరు, ఫీజు కట్టి రాసే పరీక్షకు మాత్రం వెళ్తారు. హేతుబద్ధ వినియోగదారుడి మీద మాస్టారి నమ్మకం అక్కడే కొంచెం సడలింది.

అలాగని తీసిపారేయలేం. ఒకరోజు నెట్ పోయింది. గత్యంతరం లేక చాక్‌పీసు పట్టారు. 2023 జూలైలో కిలో 150 దాటిన టమాటాను సెప్టెంబరుకల్లా రైతులు రోడ్డు మీద ఎందుకు పారబోశారో బోర్డు మీద సాలెగూడు సిద్ధాంతం గీసి చెప్పారు. ధర చూసి అందరూ నాటడం, పంటంతా ఒక్కసారే మార్కెట్ మీద పడటం, ధర కూలడం, మళ్లీ నాటేవాళ్లు తగ్గడం. వెనకబెంచీ కుర్రాడొకడు ఫోనులో తీశాడు. అది హాస్టల్ దాటి ఊళ్లకు పోయింది, వాళ్ల నాన్నలు కూడా విన్నారు.

మాస్టారికి అదంటే నామోషీ. ఇంగ్లీషు లేదు, స్లైడ్లు లేవు, మధ్యమధ్య ఫ్యాను కిర్రుమంటుంది. అందుకే ఆయన పంపే లింకుల్లో అది ఉండదు. కావలసినవాళ్లు పిల్లల్ని అడిగి తీసుకోండి.