మండే ఊళ్లో ముగ్గే పొగాకు

పైపు పొగాకును కొన్ననాడే కాల్చడం తొందరపాటని, మూతపెట్టి నాలుగైదేళ్లు ఓపిక పడితేనే అసలు రుచి వస్తుందని పైపు ప్రియుల సిద్ధాంతం. ఇది వట్టి నమ్మకం కాదు. ఆకులో మిగిలిన చక్కెరలు, ఆమ్లాలు, డబ్బాలో చిక్కుకున్న కాస్త గాలి ఏళ్ల తరబడి తమలో తాము సర్దుకుంటాయి. ఘాటు తగ్గుతుంది, రంగు ముదురుతుంది, వాసనలో ఎండుద్రాక్ష పోలిక వస్తుంది. పాత బియ్యానికి తెలుగింట్లో ఉన్న మర్యాదే పాత పొగాకుకు పైపు లోకంలో ఉంది. కాకపోతే పాత బియ్యం ఎప్పుడో ఒకప్పుడు పొయ్యెక్కుతాయి. పాత పొగాకు మాత్రం ఇంకా పాతబడాలన్న ఆశతో అటక మీదే ఉండిపోతుంది.

అన్ని ఆకులూ ఒకేలా ముగ్గవు. అందరికన్నా మంచి విద్యార్థి వర్జీనియా. దీన్ని కొట్టంలాంటి బ్యారన్‌లో వేడిగాలితో కొద్ది రోజుల్లోనే ఆరబెడతారు కాబట్టి చక్కెరలు చాలావరకు ఆకులోనే నిలిచిపోతాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల పేరు దేశాలు దాటింది ఈ ఆకుతోనే. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు గుంటూరులో ఉన్నదీ అందుకే. నీడన గాలికి ఆరిన బర్లీలో చక్కెర దాదాపు మిగలదు కనుక అది ఎన్నేళ్లున్నా పెద్దగా మారదు. మంట పొగలో ఆరబెట్టే లటాకియా ఏళ్లు గడిచేకొద్దీ తన పొగవాసనను తానే పోగొట్టుకుని సాధువవుతుంది. వెనిలా, చెర్రీ సువాసనలు పట్టించిన రకాలను దాచడం వృథా. వాటికి అత్తరు తప్ప ఆస్తి లేదు, ఆ అత్తరూ నిలవదు.

దాచడానికి గాలి చొరబడని మూత ఉన్న గాజు సీసా మేలు. సీసా మీద రకం పేరు, మూతపెట్టిన తేదీ రాయాలి. చీకటి, 20 డిగ్రీలకు అటూ ఇటూగా నిలకడైన చల్లదనం ఉండాలి. కొన్నేళ్లకు ఆకు మీద తెల్లని మెరుపు పలుకులు కనబడితే అది బూజు కాకపోవచ్చు. నూగుగా లేచి ముక్క వాసన కొడితేనే బూజు. నిల్వ శాస్త్రంలో చెడ్డ ఉదాహరణకు షెర్లాక్ హోమ్స్‌ను మించినవాడు లేడు. ఆయన పొగాకును పర్షియన్ చెప్పు ముక్కులో కుక్కేవాడు. నేరస్థులను పట్టుకోవడంలో దిట్టే కానీ, తేమ విషయంలో ఆయనా నేరస్థుడే.

ఈ నియమాలకు అసలు పరీక్ష సింగరేణి బొగ్గు గనులున్న రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో ఎదురవుతుంది. ఇక్కడ పైపు అరుదు. చాలామందికి అది పాత సినిమాల్లో సిల్కు గౌను జమీందారు నోట్లో కనబడిన వస్తువే. పట్టుదలగా ఒకరు మొదలుపెట్టినా, మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి పొగాకు ముగ్గదు, ఉడుకుతుంది. ఇక మిగిలింది ఫ్రిజ్. అక్కడ ఇడ్లీ పిండికీ పెరుగుకీ మధ్య పొగాకు సీసాకు చోటు అడగాలంటే యూనియన్ నాయకుడికున్నంత బేరమాడే శక్తి కావాలి. చివరికి క్వార్టర్‌లో నడిమి గది, బీరువా కింది అర, పాత దుప్పటి చుట్టిన సీసా దగ్గర రాజీ కుదురుతుంది.

చీకటి, నీడ, ఏడాది పొడుగునా ఒకేలా ఉండే వాతావరణం కావాలంటే ఊరి కిందే ఉన్నాయి కదా అనిపించవచ్చు. నిజమే, ‘బాయి’ అని పిలుచుకునే బొగ్గు గనిలో ఎండ అన్న మాటే లేదు. కానీ బొగ్గు పొరల్లోంచి మీథేన్ వస్తుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే బీడీ, సిగరెట్, అగ్గిపెట్టె, లైటర్ భూగర్భంలోకి నిషిద్ధం, దిగేముందు జేబులు తడుముతారు. క్యాప్ ల్యాంప్ పెట్టుకున్న మనిషి వెంట వెళ్లగలిగేది సున్నం కలిపి నలిపిన తంబాకు మాత్రమే. అది గేటు దగ్గర కొన్న సరుకు, దాని నిల్వ కాలం ఒక షిఫ్టు. పక్కవాడు చెయ్యి చాపితే అంతకూడా ఉండదు.

మూతపెట్టే విద్యలో మాత్రం గని కార్మికుడికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బొగ్గు కూడా గాలి తగిలితే మెల్లగా వేడెక్కుతుంది, వదిలేస్తే తనంతట తానే అంటుకుంటుంది. అందుకే బొగ్గు తీసేసిన గని భాగం, అంటే ప్యానెల్‌కు గోడ కట్టి గాలి ఆడకుండా మూసేస్తారు. యార్డులో కుప్పను డోజర్లతో తొక్కిస్తారు. ఇల్లెందులో 1889లో తవ్వకం మొదలైనప్పటి నుంచీ సింగరేణి బతుకు గాలితో పేచీయే. గోదావరి దిగువన, రాజమండ్రి వైపు లంకల్లో, చుట్ట పొగాకు కుప్పలు కూడా లోలోపల వేడెక్కుతాయి. రైతులు వాటిని విప్పి, తిరగేసి మళ్లీ పేరుస్తారు. ముగ్గడానికి వేడి కావాలి, మాడకుండా ఉండటానికి మనిషి కావాలి.

ఎన్నేళ్లు దాచాలన్నది చివరి ప్రశ్న. వర్జీనియాకు 5 నుంచి 10 ఏళ్లలో మార్పు బాగా తెలుస్తుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. సింగరేణిలో ఉద్యోగంలో చేరిననాడు మూతపెట్టిన సీసాను 61 ఏళ్ల వయసులో, రిటైర్మెంట్ నాడు తెరవాలనుకోవడం మంచి ఆలోచనే. సరిగ్గా ఆ వారమే డాక్టరు పొగ మానమంటాడు. ఆయన మాటకు తిరుగు లేదు. ఎన్నేళ్లు ముగ్గినా రుచి మారుతుందే తప్ప నికోటిన్ విడిచిపెట్టదు, పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్ తగ్గవు. కాబట్టి అన్నిటికన్నా మేలైన నిల్వ మూత తీయని నిల్వే. అది పొగాకుకీ మంచిది, ఊపిరితిత్తులకీ మంచిది.