చిప్పు రేపు

కిరాణా కొట్లో గల్లాపెట్టె మీద "అప్పు రేపు" అని అట్టముక్క వేలాడుతుంటుంది. ఎప్పుడెళ్లినా రేపే. మైక్రోకంట్రోలర్ కంపెనీల వెబ్‌సైట్లు తెరిచినప్పుడల్లా నాకు ఆ అట్టముక్కే కళ్లముందు ఆడుతుంది.

ఏటా జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఎంబెడెడ్ వరల్డ్ అనే ఎగ్జిబిషన్ జరుగుతుంది. అది దగ్గర పడిందంటే చాలు, కొత్త చిప్పుల ప్రకటనలు జడివానలా మొదలవుతాయి. ప్రతి ప్రకటనతోపాటూ నీలిరంగు వెలుగుల మధ్య తళతళలాడే చిప్పు ఫొటో ఒకటి. తరచి చూస్తే అది ఫొటో కాదు, కంప్యూటర్లో గీసిన బొమ్మ. ఫొటో తియ్యాలంటే ముందు చిప్పుండాలి కదా!

సరే, డేటాషీటైనా చదువుదామని దించుకుంటాం. ప్రతి పేజీకీ ఐమూలగా బూడిదరంగులో "ప్రిలిమినరీ" అని ముద్ర. "అతి తక్కువ కరెంటుతో నడుస్తుంది" అని మొదటి పేజీలో బల్లగుద్ది చెబుతారు. ఎంత తక్కువో చూద్దామని పట్టిక దాకా వెళ్తే, డీప్ స్లీప్‌లో కరెంటు: టీబీడీ. రన్ మోడ్‌లో: టీబీడీ. అంటే తర్వాత చెబుతాం అని. ఖాయంగా తేలినవి రెండే: చిప్పు పేరూ, దాని కాళ్ల లెక్కా.

ఉదాహరణకు, ఎస్ప్రెసిఫ్ కంపెనీ వాళ్లు ఈఎస్‌పీ32-సీ5 చిప్పుని 2022 జూన్‌లో ప్రకటించారు. 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటి మీదా వైఫై 6 పనిచేస్తుందంటే అందరం లొట్టలేశాం. భారీ ఉత్పత్తి మొదలైందన్న కబురు 2025లో వచ్చింది. మొదటి ప్రకటన చూసి ఉత్సాహంగా బీటెక్‌లో చేరిన కుర్రాడు అప్పటికి మూడో ఏడాదికొచ్చి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వెతుక్కుంటూ ఉంటాడు.

కంపెనీవాళ్ల బాధలూ వాళ్లకున్నాయి, కాదనను. డిజైన్ ఫ్యాబ్‌కి పంపాక వేఫర్ బయటికి రావడానికే నెలలు పడుతుంది. మొదటి శాంపిల్స్‌లో ఏదో ఒక బగ్ బయటపడుతుంది. మాస్కులు మార్చాలి, మళ్లీ నెలలు. ఆనక వచ్చిన చిప్పులు లక్షల్లో కొనేవాళ్లకు ముందు వెళ్తాయి. పది కొనేవాడి వంతు ఆఖర్న. మరి ఇంత ముందే చాటింపు ఎందుకంటారా? మనం పక్క కంపెనీ చిప్పు కొనేయకుండా కాళ్లకు బంధం వెయ్యడానికని నా అనుమానం.

ఒకసారి ఇలాంటి చిప్పు కోసమే డిస్ట్రిబ్యూటర్ కుర్రాడికి ఫోన్ చేశాను. "క్యూ3లో వచ్చేస్తుంది సార్" అన్నాడు హుషారుగా. ఏ సంవత్సరం క్యూ3 అని అడగడానికి మొహమాటపడి పెట్టేశాను. మా బాసుకి మాత్రం ఆ మొహమాటం లేదు. "ప్రకటించారుగా, ఇంకా బోర్డు చెయ్యలేదేంటయ్యా?" అని వారం వారం నన్నే అడిగేవాడు.

పోనీ ప్రకటించిన రోజునే అమ్మితే? రాస్ప్‌బెర్రీ పై వాళ్లు ఇంచుమించు ఆ పనే చేస్తారు. 2024 ఆగస్టులో పికో 2 బోర్డును ప్రకటిస్తూనే 5 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. శభాష్ అనుకున్నాం. అంతలోనే అందులోని ఆర్‌పీ2350 చిప్పులో తిరకాసు బయటపడింది. పుల్‌డౌన్ పెట్టిన ఇన్‌పుట్ పిన్ను సున్నాకి దిగకుండా రెండు వోల్టుల దగ్గర త్రిశంకులా ఆగిపోతోంది. ఎర్రాటాలో ఈ9గా పేరుకెక్కిన ఈ తిరకాసుకి, బయట 8.2 కిలోఓమ్‌లకు మించని రెసిస్టర్ తగిలించుకోమన్నారు. సరిచేసిన చిప్పు 2025లో వచ్చింది. ఆలస్యంగా వస్తే ఒక తంటా, వెంటనే వస్తే ఇంకో తంటా.

ఇక 2021 నాటి చిప్పుల కరువులోనైతే కొత్తవి సరే, పాతవీ మాయం. స్టాక్: 0, లీడ్ టైమ్: 52 వారాలు. నెల తర్వాత చూసినా 52 వారాలే. మన అట్టముక్కే, కాకపోతే ఇంగ్లీషులో.

మొన్న కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి, ఫలానా కొత్త చిప్పుందా అని అడిగాను. కొట్టాయన నా ఫోన్‌లోని బొమ్మను తిప్పి తిప్పి చూశాడు.

"ఇది ఇంకా రాలే సార్. 8051 ఉంది, ఇయ్యాల్నా?"

"అది 1980 నాటిది కదన్నా!"

"అయితే ఏంది సార్? డబ్బా నిండుగ ఉన్నయ్. ఎన్ని గావాలె?"

రెండిమ్మన్నాను. అడక్కుండానే 11.0592 క్రిస్టల్ ఒకటీ, 33 పీఎఫ్ కెపాసిటర్లు రెండూ అదే కవర్లో పడేశాడు.